ఆఖరి కంత మూశాక

దయ్యాలను నేను నమ్మను. ఎందుకు నమ్మనంటే, ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా రోడ్డు మీద తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. కొండ మలుపులో లారీ ఆపి వక్క అడిగే ముసలామె ఒకామె ఉంది. ఆమెను నేను ఒకసారి బస్సులో పొద్దుపోక కల్పించాను. రెండేళ్ల తర్వాత కలిగిరి టీ బంకులో ఒక డ్రైవరు అదే ముసలామె గురించి నాకే చెప్పాడు. నేను పెట్టని కాళ్ల కడియాలు కూడా ఆమెకు పెట్టాడు. టీ తాగి వచ్చేశాను.

అలాంటివాడు రాస్తున్నాడు కాబట్టి నమ్మమని ఎవరినీ అడగను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపాలనుకుంటే ఇంతకన్నా బాగా కలిపేవాణ్ణి.

మాది పొగాకు బ్యారన్లు కట్టే పని. నాయన మేస్త్రి, ఆయన వెనక నేను. బ్యారన్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. కిటికీలు లేని ఎత్తైన ఇటుక గది, పైన రేకుల కప్పు. పొయ్యి నోరు గోడకు బయట ఉంటుంది, కట్టెలు అక్కడే వేస్తారు. ఆ మంట వేడి ఇనప రేకు గొట్టాల్లో గది లోపలికి వెళ్లి, నేల మీద చుట్టూ తిరిగి, చిమ్నీలోంచి బయటికి పోతుంది. పైన వాసాల మీద కర్రలకు కట్టిన పచ్చాకు వేలాడుతూ ఉంటుంది. ఆరు రోజులు వేడి సమంగా తగిలితే ఆకు పసుపు రంగు తిరుగుతుంది.

గోడలో వేలెడు సందు ఉన్నా వేడంతా జారిపోతుంది. బండెడు కట్టెలు పోవాల్సిన చోట రెండు బండ్లు పోతాయి, ఆకేమో మచ్చలు పడుతుంది. గొట్టంలోనే సందు ఉంటే ఇంకా ఘోరం. ఎండిన ఆకుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అంటుకున్నప్పుడు ఆకు చూడటానికి లోపలికి పోయిన మనిషి తలుపు దాకా రాలేడు.

అందుకని ఏటా ఆకు ఎక్కించే ముందు బ్యారన్‌ను పరీక్ష చేయాలి. నాయన పద్ధతి ఇది. మంచి ఎండలో ఒకడు లోపలికి పోయి తలుపు వేయించుకుంటాడు. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక గోడల్లో వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. చుక్క ఉన్నచోట అతను లోపలినుంచి తడతాడు. బయటివాడు ఆ చప్పుడు పట్టుకుని వచ్చి, బంకమట్టీ పేడా ఊకా కలిపిన ముద్దతో ఆ కంత మూస్తాడు.

రెండు దెబ్బలంటే చిన్న కంత. మూడంటే పెద్ద సందు. మూడు కొట్టి, తాపీ అంచుతో గోడ మీద పొడుగ్గా ఒక గీత గీరితే, అక్కడ పగలగొట్టి చూడమని అర్థం. ఆ గీత గీరేది నాయన ఒక్కడే. కట్టిన గోడను పగలగొట్టమని చెప్పే ధైర్యం ఇంకెవరికీ ఉండేది కాదు.

ఆయన తాపీ పిడితో కొట్టేవాడు. అలా కొట్టేటప్పుడు చిటికెన వేలి కణుపు గోడకు రాసుకుంటుంది. ముప్పై ఏళ్లు కొట్టిన చెయ్యి కాబట్టి ఆయన కుడి చిటికెన వేలి మీద చింతగింజంత కాయ ఉండేది.

ఇంకొక కట్టుబాటు. లోపల మనిషి ఉండగా ఆఖరి కంత మూయకూడదు. అతను బయటికి వచ్చాకే మూయాలి. "మనిషి లోపలుండంగా ఎలుతురంతా మూసేస్తే అది గది గాదురా, గోరీ" అనేవాడు నాయన.

నాయన అబద్ధం ఆడి ఎరగడు. నా కథలు ఆయన చెవిన పడినప్పుడు, "నీ నోరు కూడా ఒకసారి పరీక్ష చెయ్యాలరా, ఎన్ని కంతలుండాయో" అనేవాడు. ఊళ్లో ఎవరైనా నన్ను నమ్మి పని ఇచ్చారంటే అది ఆయన కొడుకుననే.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఈ సంగతి జరిగేనాటికి ఆత్మకూరులో మా ఇంట్లో నవారు మంచం మీద ఏడాదిగా పడుకునే ఉన్నాడు. ఆయన బదులు బ్యారన్ లోపలికి పోయే పని మస్తాన్‌కు వచ్చింది.

మస్తాన్ నాకు చిన్ననాటి జతగాడు. ఏ.ఎస్.పేటవాడు. అబద్ధం చెప్పాల్సి వస్తే వాడికి ముందు చెవులు ఎర్రబడతాయి. తాపీ పిడి వాడకుండా గులకరాయితో తట్టేవాడు. టిక్ టిక్‌మని సన్నగా వినిపించేది.

ఆ ఏడు దుత్తలూరు రోడ్డు పక్కన చేలో వెంగమ్మగారి బ్యారన్ పరీక్ష చేయడానికి వెళ్లాం. అది నాలుగేళ్ల కింద నాయన కట్టిందే. రెండు సీజన్లు నడిచింది. తర్వాత వెంగమ్మగారి భర్త పోవడంతో మూతపడింది. ఆ ఏడు ఆమె పట్టుబట్టి మళ్లీ పొగాకు వేసింది. మగదిక్కు లేకుండా పొగాకేమిటని నవ్వినవాళ్ల ముందు ఆకు పండించి నిలబెట్టింది. మేము వెళ్లేసరికి పక్కన పందిట్లో పదిమంది ఆడవాళ్లు కర్రలకు పచ్చాకు కడుతున్నారు. మర్నాడు పొద్దున్నే ఎక్కించాలి. ఆరు రోజులు పొయ్యి దగ్గరే ఉండి మంట చూసుకుంటూ, గంటగంటకూ లోపలికి పోయి ఆకు చూసే పనికి ఆమె మస్తాన్‌నే కుదుర్చుకుంది.

మస్తాన్ లోపలికి పోయాడు. తలుపు వేశాను. వాడు తట్టినచోటల్లా మూసుకుంటూ వచ్చాను. మొత్తం పదకొండు కంతలు. ఏడాదిన్నర మూతపడిన గోడకు అది ఎక్కువేమీ కాదు. తలుపు పక్కన ఒక్కటి మిగిలింది. కట్టుబాటు ప్రకారం వాణ్ణి బయటికి పిలిచాను. వాడు వచ్చి, చెమట తుడుచుకుని, కుండలో నీళ్లు తాగాడు. నేను తలుపు వేసి గొళ్లెం పెట్టి ఆఖరి కంత మూశాను. ముద్ద మీద బొటనవేలితో నొక్కాను కూడా.

అప్పుడు లోపలినుంచి చప్పుడైంది. మూడు దెబ్బలు.

మస్తాన్ నా పక్కనే ఉన్నాడు. కుండ మూత ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"ఏం పెట్టినావురా లోపల?" అన్నాడు.

"నేనేం పెట్టలా."

"నా టిఫిను డబ్బాలో కప్పను పెట్టింది ఎవురు? నువ్వే గదా."

"కప్ప గోడను తట్టదు గదరా."

"నువ్వు పెడితే తట్టిద్ది."

మళ్లీ మూడు దెబ్బలు. ఈసారి వాటి వెనకే ఒక గీత. ఇటుక మీద ఇనుము గీరిన చప్పుడు, నిదానంగా, పైనుంచి కిందికి.

మస్తాన్ మొహంలో నవ్వు పోయింది. నేను ఏదో ఎత్తు వేశానని అప్పటిదాకా వాడి నమ్మకం. నా మొహం చూశాక ఆ నమ్మకం కూడా పోయినట్టుంది.

తలుపు తీశాను. లోపల ఏమీ లేదు. నేల మీద గొట్టాలు, పైన ఖాళీ వాసాలు, మస్తాన్ వదిలేసి వచ్చిన గులకరాయి. తలుపు వేశాం. నూరు లెక్కపెట్టేంతసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ మూడు, గీత. ఇలా మూడుసార్లు తీశాం, వేశాం. తీస్తే ఆగుతుంది, వేస్తే మొదలవుతుంది.

నేను కథలు అల్లేవాణ్ణే కానీ పనిలో గుడ్డివాణ్ణి కాదు. ఎండకు కప్పు రేకులు టపటపమంటాయి, నిజమే. కానీ ఆ చప్పుడు పైనుంచి వస్తుంది, లెక్క ఉండదు. గొట్టాలు వేడెక్కి చల్లబడేటప్పుడు మోగుతాయి. ఆ పొయ్యి ఏడాదిన్నరగా వెలగలేదు. ఎలుకలు గీరతాయి, కానీ మూడు కొట్టి గీరవు. పైగా అది రాయి చప్పుడు కాదు. టొక్‌మని మొద్దుగా, కొయ్య పిడి తగిలినట్టుంది. మూడో దెబ్బకు ముందు చిన్న విరామం. ఆ విరామం నాకు తెలుసు. ఇరవై ఏళ్లు గోడకు ఇవతల నిలబడి విన్నదే.

గోడకు చెవి ఆనించి కొంచెం కొంచెంగా జరుగుతూ పోయాను. చప్పుడు పొయ్యి మెడ దగ్గరికి తీసుకుపోయింది. మెడ అంటే పొయ్యిలోంచి గొట్టం గోడ దాటి లోపలికి పోయే చోటు. అక్కడ గోడలో ఒక్క కంత కూడా లేదు.

పొగ పరీక్ష కూడా పెట్టాం. పొయ్యిలో తడి వరిగడ్డి ముట్టించి, నేను లాంతరు తీసుకుని లోపల మెడ దగ్గర కూర్చున్నాను. గొట్టంలో సందు ఉంటే పొగ అక్కడ లేవాలి. వెంట్రుకంత కూడా లేవలేదు. పొగంతా చక్కగా చిమ్నీలోంచే పోయింది. వెలుతురు పరీక్ష ప్రకారం గోడ బాగుంది, పొగ పరీక్ష ప్రకారం గొట్టం బాగుంది. గడ్డి ఆర్పి, బయటికి వచ్చి తలుపు వేశాం.

మూడు దెబ్బలు. గీత.

"నేను పోతాండా. పేట దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొస్తా" అన్నాడు మస్తాన్. కానీ కదల్లేదు.

మా వాలకం చూసి వెంగమ్మగారు పందిట్లోంచి వచ్చింది. ఆమె వచ్చిన దగ్గరినుంచి చప్పుడు ఆగిపోయింది.

"ఏంది రమణయ్యా, అయిపోయిందా?"

పొయ్యి మెడ పగలగొట్టి చూడాలని చెప్పాను.

"ఎందుకు?"

నోటికి వచ్చిందల్లా కథగా చెప్పే నాకు ఆ రోజు ఒక్క మాట కుదరలేదు. నిజం చెప్పడం అలవాటు లేక నత్తి వచ్చింది. లోపల చప్పుడైందనీ, అది నాయన కొట్టినట్టే ఉందనీ తడబడుతూ చెప్పాను.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కప్పు రేకులు మార్చేదానికి వచ్చినప్పుడు పొయ్యిలో నాగుపాముండాదని చెప్పి పూట పని ఎగ్గొట్టినావు. ఇప్పుడేముండాది, దాని పిల్లలా?"

పందిట్లో ఆడవాళ్లు నవ్వారు.

"ఇప్పుడు గోడ పగలగొడితే అది ఆరేదెప్పుడు, ఆకు ఎక్కించేదెప్పుడు? కట్టేసిన ఆకు ఒక్క దినం ఆగితే చెమర్చి కుళ్లిపోద్ది, నీకు తెలవదా? ఈ గోడ మీ నాయన కట్టినాడబ్బయ్యా. ఆయన చేతి మీద నాకు అనుమానం లేదు. నీ నోటి మీదనే ఉండాది."

నాకూ ఆయన చేతి మీద అనుమానం లేదు. అందుకే భయంగా ఉంది. మస్తాన్ వైపు చూశాను. రేపటినుంచి ఆరు రోజులు ఆ మెడ పక్కన చాప వేసుకుని పడుకునేవాడు వాడు. గంటకోసారి లోపలికి పోయేవాడు వాడు.

మస్తానే నోరు విప్పాడు. "అమ్మా, వాడు చెప్తే నమ్మబాకండి. నేను చెప్తాండా. నేనూ విన్నా. అది తెరిచి చూసిందాకా నేనా పొయ్యికాడ కూర్చోను."

ఆమె చాలాసేపు వాడి చెవుల వైపు చూసింది. అవి ఎర్రబడలేదు.

"పొద్దు ఆ చెట్ల మీదికి దిగేలోపల మళ్లీ పూడ్చాల. ఏం లేకపోయిందంటే మాత్రం రమణయ్యా, నువ్వు ఈ చేలో కాలు పెట్టబాకు" అని పందిట్లోకి వెళ్లింది.

నాయన పూత రాయిలాగా ఉంది. ఉలి జారుతోంది. ఏదైనా దొరుకుతుందేమోనని ఒక భయం, ఏమీ దొరకదేమోనని ఇంకొక భయం. రెండు ఇటుకలు తీశాను. లోపలి మట్టి గట్టిగా, పగులు లేకుండా ఉంది. మూడో ఇటుక తీసి, మట్టి గీకి, చెయ్యి పెట్టాను.

వేళ్లకు గొట్టం తగల్లేదు. పలచటి రేకు తగిలింది. వేలు పెడితే వడియంలాగా పొడి అయింది.

పొయ్యి గొట్టానికి వాడే మందపాటి రేకు కాదది. కిరసనాయిలు డబ్బాను చీల్చి, చుట్ట చుట్టి, రెండు గొట్టాల మధ్య జానెడు ఖాళీలో తొడిగారు. మీద మందంగా మట్టి మెత్తారు. రేకు తుప్పు పట్టి పోయినా ఆ మట్టి చల్లటి పొగను ఆపింది. నిజమైన మంట రెండు రోజులు తగిలితే మట్టి పగిలేది. సరిగ్గా దాని మీదనే వాసాల్లో అన్నిటికన్నా కింది వరస ఆకు వేలాడుతుంది.

ఆ డబ్బా రేకును తీగతో కట్టి ఉంది. మూడు చుట్లు, చివర లోపలికి మడిచి, మడిచిన చోట ఒక దెబ్బ. ఆ కట్టు నేర్చుకోవడానికి నేను చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు తిన్నానో నాకే తెలుసు. మస్తాన్ కూడా దాన్ని చూసి నాయన కట్టేనని గుర్తుపట్టాడు.

కట్టేటప్పుడు గొట్టం జానెడు తక్కువ పడి ఉంటుంది. తర్వాత వచ్చి మారుద్దామని అప్పటికి డబ్బా రేకు చుట్టి ఉంటాడు. మరి ఎందుకు మార్చలేదో, నాకైనా ఎందుకు చెప్పలేదో తెలియదు. కొత్తలో ఆ రేకు రెండు సీజన్లు తట్టుకుంది, తర్వాత ఏడాదిన్నర బ్యారన్ మూతపడే ఉంది కాబట్టి పర్వాలేదు. ఈ ఏడు మళ్లీ వెలిగిస్తున్నారన్న సంగతి మాత్రం ఆయనకు తెలుసు. ఆ పొద్దున మంచం దగ్గర నిలబడి నేనే చెప్పాను. వెంగమ్మగారి బ్యారన్‌కు పోతున్నామనీ, మంట మస్తానే చూస్తాడనీ.

వెంగమ్మగారు వచ్చి వంగి చూసింది. "ఏంది అది?"

"పందికొక్కమ్మా. కింద నుంచి తవ్వి గొట్టం కదిలించింది. ఎవరో రేకు అడ్డం పెట్టి పోయినారు." ఆ అబద్ధం మాత్రం నీళ్లు తాగినంత సులభంగా వచ్చింది.

"అయితే మీరు విన్నది పందికొక్కునేనా?"

"అదేనమ్మా."

మస్తాన్ చెవులు ఎర్రబడ్డాయి. అదృష్టం కొద్దీ ఆమె గొట్టం వైపు చూస్తోంది.

"మీ నాయనతో చెప్పబాకు. మంచంలో ఉండే మనిషి. ఆయన కట్టింది చెడిందంటే బాధపడతాడు" అంది.

పక్క చేలో బ్యారన్ దగ్గర మిగిలిన గొట్టం ముక్క పడి ఉంటే తెచ్చి బిగించాం. నాలుగింటికల్లా పూడ్చాం. సన్న మంట పెట్టి గోడ ఆరబెట్టడానికి మస్తాన్ ఉండిపోయాడు. వాడు తలుపు మూసి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఏమీ లేదన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆకు ఎక్కించారు. అంచుల్లో కొంచెం చెమర్చింది తప్ప ఏమీ కాలేదు. ఆరు రోజులూ సవ్యంగా గడిచాయి.

నేను మాత్రం ఆ రోజే దుత్తలూరులో దొరికిన బస్సెక్కి ఆత్మకూరు వెళ్లాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. నేను అల్లే కథల్లో అయితే సరిగ్గా ఇక్కడ నాయన పోయి ఉండాలి. ఆ చప్పుడు వినిపించిన గడియలోనే పోయాడని అమ్మ చెప్పాలి. ఇంటి ముందు జనం ఉంటారేమోనని మలుపు దగ్గరే బస్సు దిగి చూశాను. ఎవరూ లేరు. దీపాలు పెట్టే వేళ. నాయన బతికే ఉన్నాడు. నా వైపు చూశాడు.

"మధ్యాన్నం నుంచి అదో మాదిరిగా ఉండాడు. గంజి తాగలా. ఒళ్లంతా చెమటలు, రెండుసార్లు చొక్కా మార్చినా" అంది అమ్మ.

మంచం పక్కన కూర్చున్నాను. అమ్మకు వినపడకుండా, "నాయనా, ఆ రేకు తీసేసినాం. కొత్త గొట్టం వేసినాం. ఎవురికీ చెప్పలా" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. కంటి చివర తడి కనిపించింది. పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఆ కన్ను కారుతూనే ఉంటుంది, కాబట్టి దానికి నేను ఏ అర్థమూ చెప్పను.

తర్వాత ఆయన కుడి చెయ్యి చూశాను. పడిపోయిన చెయ్యి. ఏడాదిగా వేలు కూడా కదలలేదు. పని లేక కాయ మెత్తబడి, తోలు చిన్నపిల్లల తోలులాగా అయింది. ఆ చిటికెన వేలి కణుపు మీద తోలు లేచి ఉంది. గీరుకుపోయి, ఎర్రగా, పచ్చిగా ఉంది.

మంచం ఎడమ పక్కన గోడ ఉంది. అది తెల్ల సున్నం కొట్టిన గోడ. కుడి పక్కన ఏమీ లేదు, వాకిలి దాకా ఖాళీ. మంచం పట్టెలు నున్నటి టేకువి. నేను వేలితో తడిమి చూశాను.

ఎరుపు సంగతి. రక్తమూ ఎర్రగానే ఉంటుంది. ఇటుక పొడీ ఎర్రగానే ఉంటుంది. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే తేడా తెలిసిపోయేది, మాది ఇటుకల పనే కదా. నేను దీపం తేలేదు. గుడ్డ తడిపి ఆ వేలు తుడిచాను. గుడ్డ ఎర్రబడింది. అమ్మ అది చూసి ఏమిటని అడిగేలోపల దాన్ని బక్కెట్లో ముంచి, పిండి, నీళ్లు పెరట్లో పారబోశాను.

నాయన ఆ తర్వాత రెండేళ్లు బతికాడు. ఆ చెయ్యి మళ్లీ కదలలేదు. ఏ బ్యారన్‌లోనూ నాకు మళ్లీ అలా వినపడలేదు. వెంగమ్మగారు పొగాకు మానేసి బ్యారన్ తీయించేసింది. ఆ ఇటుకలతో పశువుల కొట్టం కట్టించుకుంది. నాయన కట్టిన ఆ గోడ ఇక లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

చాలా ఏళ్లు ఆగి మస్తాన్‌కు ఆ వేలి సంగతి చెప్పాను. వాడు నమ్మాడు. నేను చెప్పినవాటిలో వాడు మొదటి మాటకే నమ్మింది అదొక్కటే. "పుట్టినకాడ్నించి అబద్ధాలే చెప్తివి. ఒక్క నిజానికి సాక్ష్యం దొరికితే దాన్ని ఉతికి పారబోసినావు గదరా" అన్నాడు.

ఎందుకు పారబోశానో వాడికి చెప్పలేకపోయాను. ఆ చప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేనట్టే, అదీ ఇప్పటికీ చెప్పలేను.